ఆయనకు వినబడే మా మాట

మా ఆయన బెంగళూరు శివార్లలో, హెబ్బగోడి పక్కన ఒక ప్రెస్ షాపులో పనిచేసేవారు. ఇనుప రేకును అచ్చు మీద పెడితే పైనుంచి పెద్ద బరువు దిగి, బండ్లకు కావలసిన విడిభాగాలను కొట్టి వదిలే చోటు అది. పెళ్ళైన కొత్తలో ఒకసారి భోజనం క్యారియర్ ఇవ్వడానికి గేటు దాకా వెళ్ళాను. లోపలికి పోలేదు, అయినా ఆ దెబ్బలు కాళ్ళ కింద నేలలోంచి వచ్చి కడుపులో తగిలాయి. వాచ్‌మన్ నాతో ఏదో అన్నాడు. నోరు కదలడం కనిపించిందే తప్ప మాట వినబడలేదు. ఇందులో రోజంతా ఎలా ఉంటారని సాయంత్రం అడిగితే ఆయన నవ్వి, "రెండు వారాలు కష్టంగా ఉంటాది. ఆమీద చెవులే సర్దుకుంటాయి" అన్నారు.

ఆ మాటను నేను నమ్మాను. ఆయన కూడా నమ్మారు.

మాది మడకశిర వైపు. లెక్కల్లో బీఎస్సీ చేశాను. తొంభైల నడుమ పెళ్ళై బెంగళూరు వచ్చాను. మామగారు పోయాక, యలహంక పాత ఊళ్ళో ఉన్న మా అత్త కూడా మా దగ్గరికే వచ్చేసింది. అప్పటికి మా పాప నడక నేర్చుకుంటోంది. రెండు గదులు, ఒక వంటిల్లు, నలుగురు మనుషులం. గొడవలు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పలేను కానీ, ఎలా మొదలయ్యాయో చెప్పగలను.

ఒకనాడు ఆయన అన్నం తింటున్నారు. నేను వంటింట్లోంచి, "పప్పులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగాను. ఆయన కంచంలో చెయ్యి ఆపేశారు.

"తప్పా? నేనేం తప్పు చేసినా?"

"తప్పు కాదు, పప్పు."

"అదే నేనూ అడిగేది. ఏం తప్పు?"

అత్త నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు, కంచం పక్కకు జరిపి లేచి వెళ్ళిపోయారు. మొదట్లో ఇలాంటివి నెలకు ఒకటీ అరా జరిగేవి. తర్వాత వారానికొకటి. ఆ తర్వాత మేము నవ్వడం మానేశాం.

అత్తకు కొడుకు మీద ప్రాణం. వాళ్ళిద్దరికీ పొద్దున కాఫీ తాగుతూ మాట్లాడుకునే అలవాటు ఉండేది. మెల్లమెల్లగా ఆ మాటలు తగ్గాయి. అత్త ఏదో చెబుతుంటే ఆయన లోటా చేతిలో పట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చునేవారు. పక్కింటామెతో అత్త అనే మాటలు గోడ ఇవతల నాకు వినబడేవి.

"మావోడు ఇట్లా ఉండేవాడు కాదప్పా. గడప కాడ నా అడుగు పడితే చాలు, ఏమ్మా అని పలికేవాడు. ఇప్పుడు పక్కన నిలబడి పిలిచినా తల తిప్పేదిల్లేదు. ఎవురు నేర్పినారో ఏమో."

ఎవరు నేర్పారని ఆమె అనుకుంటోందో నాకు తెలుసు. నాకు కోపం వచ్చేది. కానీ ఆయన నా మాటకూ తల తిప్పడం లేదు. ఆయనకు ఇల్లంటేనే విసుగు పుట్టిందని నేను అనుకునేదాన్ని. తల్లి ఏదో చెప్పి మనసు విరిచిందేమోనని కూడా అనుకున్నాను. మేమిద్దరం ఒకే వంటింట్లో ఒకరినొకరు అనుమానిస్తూ కూరలు తరిగాం.

పాప బడిలో చేరిన ఏడాది, ఎలక్ట్రానిక్ సిటీ దాటాక ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునే ఉద్యోగం నాకు దొరికింది. తలుపులు తెరవడం, మిషన్లు ఆన్ చేయడం, పిల్లల హాజరు రాసుకోవడం నా పని. ఇల్లు వదిలి బయటికి వెళ్ళడమే నాకు ఊపిరి పీల్చుకున్నట్టుండేది.

అక్కడ శబ్దాలనూ సంకేతాలనూ లెక్కల్లోకి మార్చే సిగ్నల్ ప్రాసెసింగ్ పాఠం చెప్పే మేడమ్ ఒకావిడ ఉండేది. కన్నడం మనిషి. నాతో కన్నడంలోనే మాట్లాడేది, నేను మా తెలుగు యాసలో కన్నడం పలికేదాన్ని. ఒకరోజు ఆమె నన్ను ఒక మిషన్ ముందు కూర్చోబెట్టింది.

"వచ్చే టర్మ్ నుంచి పిల్లలకు మ్యాట్‌ల్యాబ్ అని లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ మీద ప్రాక్టికల్స్ ఉన్నాయి. నేను ఒక్కదాన్నే అందరి దగ్గరికీ తిరగలేను. మీరు లెక్కలు చదివారు కదా, నేర్చుకోండి."

"నాకు ప్రోగ్రామింగ్ రాదు మేడమ్."

"మ్యాట్రిక్స్ అంటే తెలుసా?"

"తెలుసు."

"అయితే సగం వచ్చినట్టే."

సగమేమీ రాలేదు. మొదటి రోజు ఒక వరుస అంకెలు బ్రాకెట్లలో రాసి, దానికి ఒక పేరు పెట్టడం నేర్పింది. ఒక్క పేరు చెబితే వరుస మొత్తం కదులుతుంది. మొత్తాన్ని రెండుతో గుణించమంటే ఒకే మాటలో గుణిస్తుంది. కాలేజీలో మేము మ్యాట్రిక్సులను చేత్తో గుణిస్తూ పేజీలు నింపిన రోజులు గుర్తొచ్చాయి. అది బాగుంది. కానీ లైను చివర సెమికోలన్ పెట్టడం మరిచిపోతే స్క్రీన్ నిండా అంకెలు ఆగకుండా పారేవి, ఆపడం తెలియక ప్లగ్గు పీకేద్దామా అనిపించేది. రెండు వరుసలను అంకెకు అంకె గుణించాలంటే గుణకారం గుర్తుకు ముందు ఒక చుక్క పెట్టాలి. ఆ చుక్క పెట్టకపోతే, మ్యాట్రిక్సుల కొలతలు కుదరడం లేదని ఎర్ర అక్షరాల్లో వచ్చేది. ఆ ఎర్ర అక్షరాలు చూడగానే నాకు ఇల్లు గుర్తొచ్చేది. మనుషులున్నారు, మాటలున్నాయి, కొలత కుదరడం లేదు.

అయినా వదల్లేదు. మధ్యాహ్నం ల్యాబు ఖాళీగా ఉండే గంట నాది. పైకీ కిందికీ ఊగే సైన్ వేవు గీయించాను. రెండు వేవులు కలిపి మూడో ఆకారం తెప్పించాను. తర్వాత మేడమ్ మైకులో తన గొంతు రికార్డు చేసి, ఆ ఫైలును మ్యాట్‌ల్యాబ్‌లోకి తెచ్చి చూపించింది. మనిషి మాట ఒక పొడవాటి అంకెల వరుస. దాన్ని ఇంకో కమాండుకు ఇస్తే అందులో ఏ లోతు శబ్దం ఎంతుందో, ఏ సన్నని శబ్దం ఎంతుందో విడదీసి గీస్తుంది. "అ", "ఓ" లాంటి అచ్చులు గ్రాఫులో లోతు శబ్దాలుండే ఎడమవైపు కొండల్లా లేచాయి. "స" అన్నప్పుడు మాత్రం సన్నని శబ్దాలుండే కుడివైపు చివర్లో సన్నటి గడ్డి మొలిచినట్టు వచ్చింది.

"మాటకు బలం ఎడమవైపు, అర్థం కుడివైపు" అంది మేడమ్. ఆ రోజు అది నాకు ఒక పాఠం మాత్రమే.

ఆ వానాకాలంలో, ఆయనతో పనిచేసే ఒకతను సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. ఆయన స్నానానికి వెళ్ళి ఉన్నారు. అతను గొంతు తగ్గించి చెప్పాడు.

"అక్కా, అన్న చెప్పి ఉండడు. ఈ పొద్దు షెడ్డులో ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వచ్చింది. హారన్ కొడతానే ఉండాది. అందరం పక్కకు జరిగినాం, అన్న మాత్రం కదల్లేదు. నేను చొక్కా పట్టి లాగినా. కొంచెం ఉంటే..."

అతను ఆపేశాడు. స్నానాల గదిలోంచి చెంబు చప్పుడు వినిపిస్తోంది. అత్త ఆ మాటలు విని గుమ్మంలో నిలబడిపోయింది.

"పరధ్యానం ఎక్కువైంది వాడికి. ఇంట్లో నెమ్మది లేకుంటే పనిలో ధ్యాస ఏడ ఉంటాది?" అంది నన్ను చూస్తూ.

నా ధ్యాస ఆ హారన్ మీదే ఉంది. వెనక్కి వచ్చే బండి హారన్ సన్నటి శబ్దం. గ్రాఫులో కుడివైపు ఉండే శబ్దం.

ఆస్పత్రికి రమ్మంటే ఆయన చాలా రోజులు ఒప్పుకోలేదు. "మిషన్ కాడ పనిచేసేవాళ్ళందరికీ ఇంతే" అన్నారు. "నీ కాలేజీ చదువులు నా మీద చూపొద్దు" అన్నారు. చివరకు పాప మాటకు కదిలారు. ఆ పిల్ల బడి నుంచి రాగానే రోజూ ఆయనకు కబుర్లు చెప్పేది. ఆయన "ఊఁ, ఊఁ" అనేవారు. ఒకరోజు అది నా దగ్గరికి వచ్చి, ఆయన ముందే, "నాన్న ఉత్తుత్తి ఊఁ కొడతాడమ్మా. ఏనుగు మా బడికి వచ్చి నా టిఫిన్ తినేసిందని చెప్పినా, దానికీ ఊఁ అన్నాడు" అంది. ఆయన నా వైపు చూశారు, ఏమంది అన్నట్టు. నేను ఆయనకు ఎదురుగా వెళ్ళి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది. ఆ వారంలోనే ఆస్పత్రికి వచ్చారు.

శబ్దం చొరని చిన్న గదిలో ఆయనను కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి పరీక్ష చేశారు. వినబడితే చెయ్యెత్తాలి. అద్దంలోంచి నేను చూస్తున్నాను. మొదట్లో చెయ్యి చురుగ్గా లేచింది. తర్వాత తర్వాత ఆయన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడు ఎత్తాలా అని ఎదురుచూస్తూ కూర్చున్నారు. అవతల మిషన్ దగ్గరున్న అమ్మాయి మీటలు నొక్కుతూనే ఉంది.

డాక్టరు గ్రాఫు చూపించాడు. ఎడమవైపు ఫర్వాలేదు. కుడివైపుకు పోయేకొద్దీ గీత గుంటలో పడింది. పోయింది తిరిగి రాదనీ, చెవికి పెట్టుకునే మిషన్ కొంత సాయం చేస్తుందనీ, ప్రెస్ షాపులో ఇంకా ఉంటే ఉన్నది కూడా పోతుందనీ చెప్పాడు. బయటికి వచ్చాక ఆయన బస్టాండులో నాతో ఒక్క మాటే అన్నారు.

"ఫ్యాక్టరీలో ఎవురికీ తెలీకూడదు. తెలిస్తే మూల కూర్చోబెడతారు."

ఇంట్లో చెబితే అత్త నమ్మలేదు. "చెవుడా? నిన్న సందు చివర ఆటోవాడు అరిస్తే వినబడింది కదా" అంది. వినబడిన మాట నిజమే. లోతు గొంతు వినబడుతుంది, గట్టి చప్పుడు వినబడుతుంది. ఆమె సన్నటి గొంతు, పాప గొంతు, నా గొంతు మాత్రం సగం సగం పోతాయి. ఇది ఎలా చెప్పినా ఆమెకు సాకులాగే వినిపించింది. "మేము ఆడవాళ్ళం మాట్లాడితే మాత్రం వినబడదా? భలే చెవుడమ్మా" అంది.

అప్పుడు అనుకున్నాను, చెప్పడం కాదు, ఆయనకు వినబడేదే ఆమెకు వినిపించాలని.

మేడమ్‌కు విషయమంతా చెప్పాను. ఆమె ఆస్పత్రి వాళ్ళిచ్చిన గ్రాఫు తెప్పించుకుని చూసింది. "దీని ప్రకారం మాటలో ఏ భాగం ఎంత తగ్గించాలో మీరే రాయండి. తప్పులొస్తే నేను చూస్తాను. కానీ ఒకటి గుర్తుంచుకోండి, నిజమైన చెవుడు ఇంత సులువుగా ఉండదు. ఇది ఉజ్జాయింపు బొమ్మ మాత్రమే."

ఇంట్లో టేప్ రికార్డర్ మీద మా అత్త గొంతు రికార్డు చేశాను. ఎందుకో చెప్పలేదు. పాపకు కథ చెప్పమంటే చెప్పింది, నడుమ రెండుసార్లు కొడుకును కూడా పిలిచింది. ఆ క్యాసెట్ కాలేజీకి తీసుకెళ్ళి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. తర్వాత చాలా మధ్యాహ్నాలు ఆ ప్రోగ్రాముతోనే గడిచాయి. మళ్ళీ అవే ఎర్ర అక్షరాలు. మాట నిలువు వరుసలో ఉంది, నేను తగ్గించాల్సిన అంకెలు అడ్డు వరుసలో రాశాను. దాన్ని తిప్పాను. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు, కానీ స్పీకర్లోంచి మనిషి మాట కాకుండా రేకు గీకినట్టు ఏదో వచ్చింది. మేడమ్ వచ్చి చూసి, "మీరు సగమే తగ్గించారు. విడదీసినప్పుడు రెండో సగం అద్దంలో బొమ్మలా వస్తుంది. దాన్నీ అంతే తగ్గించాలి, లేకపోతే మాట తిరిగి అతుక్కోదు" అంది.

రెండో సగం కూడా రాశాను. నడిపించాను.

మా అత్త గొంతు వచ్చింది. ఆమెదే, గుర్తుపట్టవచ్చు. కానీ గోడ అవతల, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టుంది. పదాల అంచులన్నీ అరిగిపోయాయి. "చ" లేదు, "స" లేదు, "ప" ఏదో "త" ఏదో తెలియడం లేదు. కొడుకును పిలిచిన చోట పేరు మొదటి అక్షరం ఎగిరిపోయి వట్టి ఊఁ మిగిలింది. ప్రోగ్రాం పనిచేసినందుకు ఒక్క క్షణం సంబరపడ్డాను. మరుక్షణమే ల్యాబు తలుపు దగ్గరికి వేసి, కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ఆయన ఏళ్ళ తరబడి ఈ గొంతుల మధ్య కూర్చుని అన్నం తిన్నారు. ఏమన్నారని అడిగితే మేము విసుక్కుంటామని అడగడం మానేశారు.

రెండు రకాలూ ఒక క్యాసెట్ మీదికి ఎక్కించి తెచ్చాను. మొదట మామూలుది, తర్వాత ప్రోగ్రాంలోంచి వచ్చినది. ఆదివారం మధ్యాహ్నం, ఆయన బయటికి వెళ్ళినప్పుడు, అత్తను కూర్చోబెట్టి వినిపించాను. తన గొంతు విని మొదట సిగ్గుపడింది. రెండోది మొదలయ్యాక ముందుకు వంగి, "టేపు చెడిపోయినట్టుండాది" అంది.

"చెడిపోలేదత్తా. మీ అబ్బాయికి మీ మాట ఇట్లా వినబడుతుంది."

ఆమె నా వైపు చూడలేదు. టేప్ రికార్డర్ వైపే చూస్తూ, "ఇంకోసారి పెట్టు" అంది. పెట్టాను. కొడుకును పిలిచే చోటు వచ్చినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను పిలిస్తే వాడికి ఇదా వినబడేది? ఇది పిలిచినట్టు యాడ ఉండాది?"

మేము మూడోసారి వింటుండగా ఆయన వచ్చేశారు. గుమ్మంలోనే నిలబడి, "ఏమది, అమ్మ గొంతు కదా?" అన్నారు. దాచే వీలు లేకపోయింది. దాచాలనీ అనిపించలేదు. ఎదురుగా కూర్చోబెట్టి, చేసినదంతా చెప్పాను. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. వినిపించమన్నారు.

మొదటిది విన్నారు. రెండోది విన్నారు. నా వైపు చూసి, ఇంకా ఏదో రావాలన్నట్టు ఆగారు.

"రెండూ ఒకటే కదా" అన్నారు.

పక్కన ఆడుకుంటున్న పాప, "కాదు నాన్నా, రెండోది పాడైపోయింది. అవ్వ మాట అసలు తెలీడమే లేదు" అంది. ఆయన పాప పెదాల వైపు చూశారు. మళ్ళీ మా ఇద్దరి మొహాలు చూశారు. అప్పుడు అర్థమైంది ఆయనకు. డాక్టరు చెప్పినా, గ్రాఫు చూసినా దిగనిది అప్పుడు దిగింది. లేచి వెళ్ళి క్యాసెట్ మొదటికి తిప్పి, చెవి స్పీకరుకు ఆనించి, మళ్ళీ రెండూ విన్నారు. తేడా కోసం వెతుకుతున్న మనిషి వీపు మాకు కనబడింది. తర్వాత ఆపేసి, "నాకు ఒకటే" అన్నారు మెల్లగా.

అత్త లేచి వెళ్ళి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత అంతా బాగుపడిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆయన ఫ్యాక్టరీలో చెప్పారు. ప్రెస్ నుంచి తీసి సరుకు ప్యాకింగులో వేశారు. అన్నేళ్ళు మిషన్ నడిపిన మనిషికి అట్టపెట్టెలు కట్టడం నామోషీగా ఉండేది. చాలా నెలలు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. చెవి మిషన్ తెచ్చాం. గిన్నె పడితే తలలో పడినట్టుందని తీసి అల్మారాలో పెట్టేవారు. పాప చదువుకునే వేళకు మాత్రం పెట్టుకునేవారు. అత్త నన్ను అనుమానించడం మానేసింది కానీ, అనుమానించినందుకు ఒక్క మాటా అనలేదు. నేనూ అడగలేదు. అయితే కొడుకుతో మాట్లాడాలంటే ఆమె ఇప్పుడు లేచి, ఆయన ముందుకు వెళ్ళి, భుజం తట్టి, ఆయన కళ్ళు తన మీదికి వచ్చాకే నోరు తెరిచేది. ఆయన ఆమె పెదాలు చూసేవారు. పొద్దున కాఫీ దగ్గర మాటలు మళ్ళీ మొదలయ్యాయి, ఇదివరకంత కాదు.

కాలేజీలో నేను పిల్లలకు మ్యాట్‌ల్యాబ్ చూపించే మనిషినయ్యాను. మేడమ్ నా ప్రోగ్రామును చివరి ఏడాది పిల్లల ప్రాజెక్టుగా పెట్టింది, మా ఇంటి విషయం వాళ్ళకు చెప్పకుండా. ఆయనకు ఏడాదికోసారి పరీక్ష చేయించేవాళ్ళం. కొత్త గ్రాఫు రాగానే నేను కాలేజీలో ఆ అంకెలు వేసి, మళ్ళీ ఆ గొంతు వినేదాన్ని. ప్రెస్ వదిలినా, వయసుతో గుంట ఎడమవైపుకూ జరుగుతూ వచ్చింది. కొన్నేళ్ళకు గ్రాఫు తెచ్చి సంచిలో పెట్టుకునేదాన్ని, ప్రోగ్రాం మాత్రం తెరిచేదాన్ని కాదు.

అత్తకు చివర్లో ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. ఆస్పత్రి మంచం మీద గొంతు పూర్తిగా పోయింది, ఊపిరి మాత్రమే ఆడేది. ఆమె ఏదో అడిగేది. నర్సు వంగి చెవి పెట్టేది, నేను వంగి చెవి పెట్టేదాన్ని. ఏమీ తెలిసేది కాదు. నీళ్ళా, దుప్పటా, నొప్పా అని ఒక్కొక్కటీ అడుగుతుంటే ఆమె విసిగి కళ్ళు మూసుకునేది. సాయంత్రం ఆయన పని నుంచి నేరుగా వచ్చారు. మంచం పక్కన కూర్చుని ఆమె మొహంలోకి చూశారు. ఆమె పెదాలు కదిపింది.

"కిటికీ రెక్క మూయమంటా ఉండాది" అన్నారు నాతో. "ఎండ కంట్లో పడతా ఉండాదంట."

నేను లేచి కిటికీ మూశాను. ఆమె ఇంకా ఏదో అంటోంది, పొడవుగా, ఆగి ఆగి. ఆయన ఆమె పెదాల మీంచి చూపు తిప్పకుండా వింటున్నారు, తల ఊపుతున్నారు, సరైన చోట "ఊఁ" అంటున్నారు. నేను వాళ్ళిద్దరినీ వదిలి వరండాలోకి వచ్చి నిలబడ్డాను.